కత్తిపిడి మీది ముఖం

నగిషీ పనివాడు ఫైట్ తాను చెక్కిన రాగిరేకుకు సిరా పట్టించి, తొలి అచ్చు తీసి దీపం దగ్గర పెట్టుకున్నాడు. ఎవరిదో పెళ్లివిందుకు చేయించే కత్తిపిడి నమూనా అది: తీగలు, నత్తలు, వాటి నడుమ ఒక వికృత ముఖం. ఎడమపక్క మంచంలో జ్వరంతో భార్య అపొలోనియా దగ్గుతోంది.

"పెళ్లికత్తి మీద కూడా ఆ దయ్యపు మొహాలేనా?"

"న్యూరెంబర్గ్ ఊరంతా ఇవే అడుగుతోందే. పడుకో."

అచ్చులో కుడి ఎడమలు తారుమారు కావాలి. తీగలు మారాయి, నత్తలు మారాయి. ఎడమకు చూస్తున్నట్టు చెక్కిన ముఖం మాత్రం అచ్చులోనూ ఎడమకే, మంచం వైపే చూస్తోంది.

"ఏమయ్యా, ఎవరొచ్చారు?" అంది అపొలోనియా. "ఇందాకట్నుంచి నన్నే చూస్తున్నాడు."

"ఎవరూ లేరే."

ఫైట్ రేకుకు మళ్లీ సిరా పట్టించి ఇంకో అచ్చు తీశాడు. ముఖం ఇంకా అటే తిరిగి ఉంది. కానీ తెరిచినట్టు చెక్కిన కళ్లు ఇప్పుడు మూసి ఉన్నాయి.

అప్పుడు గాని, దగ్గు ఆగిపోయిందని ఫైట్‌కు తట్టలేదు.