అరోరాలో ఏకాదశి

"ఇవాళ నాకు అన్నం పెట్టకమ్మా వసుమతీ. ఏకాదశి," అన్నారు జానకీదేవి.

1983 జూలై ఎండకు అమెరికాలోని అరోరా ఊరు ఉడికిపోతున్నది. బ్లెండర్‌లో అరటిపండు, స్ట్రాబెర్రీలు, పెరుగు, ఐసుముక్కలు వేస్తున్న వసుమతి చేయి ఆగింది. అత్తగారు ఏకాదశి ఉపవాసం చేసింది మొన్ననే. ఆ రోజు ఇలాగే పళ్లూ పెరుగూ కొట్టి చేసిన స్మూతీ ఇవ్వబోతే, "పండు కొరికి తినాలి గానీ తాగడమేమిటి," అని తోసిపుచ్చారు కూడా. జార్ అడుగున మిగిలినది మాత్రం సాయంత్రానికి మాయమైంది. ఆ నేరం కూతురు రేణు మీద పడింది.

"ఏకాదశి మొన్న అయిపోయిందిగా, అత్తయ్యా?"

"అది ఇండియాది. ఇంత దూరం రావాలంటే ఆలస్యం కాదూ? పళ్లూ పాలూ తప్ప ఏమీ ముట్టను."

"మరి ఇందులో పెరుగుందే?"

"పాలకు కూతురేగా," అన్నారావిడ, బ్లెండర్ మీంచి చూపు తిప్పకుండా.

రేణు మీది నేరాన్ని వసుమతి అక్కడికక్కడే కొట్టివేసింది. నవ్వు పెదవి దాటనీయక, ఇంట్లోకెల్లా పొడుగాటి గ్లాసు తీసి అంచుదాకా నింపింది.

జానకీదేవి చుక్క మిగల్చకుండా తాగి, కొంగుతో మూతి తుడుచుకున్నారు.

"రేపు అన్నం తింటారుగా, అత్తయ్యా?"

"రేపెలా కుదురుతుందమ్మా? మీ తమ్ముడుండే కాలిఫోర్నియాలో రేపే ఏకాదశి."