వారం ఆగాల్సిన మొక్క

"ఈ ఒక్కదాన్నీ పై వాటా ఆంటీకి ఇచ్చేస్తాను అమ్మమ్మా," అంటూ మనవరాలు చేప ఉన్న గాజు గిన్నె పట్టుకుని లేచింది. "నా చేతుల్లో చేపలు బతకవు. మేత ఎక్కువ వేసి ఐదింటిని చంపేశాను."

"ఆగు తల్లీ." అమ్మమ్మ తలుపుకి అడ్డం వచ్చింది. "మేత కాదే. నేను తెచ్చి పెట్టిన ఆ మొక్క."

చేపల్లేని అక్వేరియంలో మొక్క మాత్రం నవనవలాడుతోంది.

"దానికి పురుగుమందు కొట్టి ఉంటారు, వారం రోజులు విడిగా బకెట్లో ఉంచి, రోజూ నీళ్ళు మార్చాకే చేపల్లో పెట్టమని షాపతను చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. నువ్వు బడి నుంచి రాగానే చూసి మురిసిపోవాలని ఆ పూటే నాటేశాను."

మనవరాలు గిన్నె బల్ల మీద పెట్టేసింది.

"పోనీ, నువ్వు కావాలని చేశావా? కానీ మూడు రోజులుగా నేను ఏడుస్తుంటే, పక్కనే కూర్చుని 'ఈసారి మేత తగ్గిద్దువుగానిలే' అన్నావు కదా!"

చేపల గురించి అడిగితే ఏం చెప్పాలో అమ్మమ్మ పొద్దుటి నుంచీ తనకు తానే అప్పజెప్పుకుంటూ ఉంది. ఈ ప్రశ్న మాత్రం అందులో లేదు.

"నిజం చెబితే అలిగి మీ అమ్మ దగ్గరికి వెళ్ళిపోతావేమోనని..." అంది అమ్మమ్మ.

"అలుగుతాను. ఇవాళ నీతో మాట్లాడను కూడా," అంది మనవరాలు కళ్ళు తుడుచుకుంటూ. "వెళ్ళిపోతానని ఎవరు చెప్పారు నీకు?"