గాలి ఉన్న రోజు

రేపు తండ్రీకూతుళ్లు తెరచాప పడవలో సముద్రం మీదికి వెళ్లాలి. దీపాలి పొద్దుటి నుంచి గాలి కబుర్లే పోగుచేస్తోంది.

"బాపూ, రేడియోల గాలి జోరుగుంటదన్నడు. మరాఠీ పేపర్ల మామూలే అని రాసిండ్రు. టీవీల అయితే గాలే ఉండదట. ఏది నమ్ముదాం?"

"రేడియోది నిజమైతే మంచిగుండు," అన్నాడు దత్తాత్రి.

దీపాలి తెల్లబోయింది. పడవ పేరెత్తితేనే వణికే మనిషి!

"గాలి లేని రోజు చూసుకుందాం బాపూ. పడవాయన గూడ గదే అన్నడు."

"వద్దు బిడ్డా. ఆయనను జర బతిమాలు. ఊగితే ఊగనీ."

పక్క షెడ్డులో మగ్గాలు టకటకలాడుతున్నాయి. అక్కడ పంకా తిప్పరు, గాలికి పోగులు తెగుతాయని. పెళ్లయి భివండీ వచ్చిన నాటి నుంచి దీపాలిని కన్న అవ్వ ఆ ఉక్కపోతలోనే కూర్చుని కండెలు చుట్టింది.

"గాలెక్కువైతే బూడిద మన మీదికే కొట్టుకొస్తది బాపూ," అంది దీపాలి మెల్లగా.

దత్తాత్రి ఎర్రగుడ్డ కట్టిన కుండను ఒళ్లోకి తీసుకున్నాడు.

"రానీ బిడ్డా. మీ అవ్వకు ఒక్కపారన్న గాలి తగలనీ."