ఊరు మాత్రం చెప్పొద్దు

మధ్యాహ్నం పూట లాండ్రీకి ఎవరూ రారు. ఆ కాస్త వ్యవధిలోనే టైలరమ్మ వెనకగది తలుపు దగ్గరగా వేసి, బిల్లులు కొట్టే కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. జిప్పులు మార్చడం, పొడుగు తగ్గించడం, ఊడిన గుండీలు కుట్టడం ఆమె పని. పొద్దుట్నుంచీ వంగి వంగి పనిచేసిన నడుము కుర్చీలో వాలగానే కలుక్కుమంటుంది.

కూర్చునే ముందు చేయాల్సిన తతంగం కొంత ఉంది. గోడమీద షాపు పేరున్న క్యాలెండర్ కనపడకుండా పాత దుప్పటి కట్టాలి. మెడలో కొలతల టేపు తీసి పక్కన పెట్టాలి. కెమెరా మొహం మీదికి కాకుండా చేతుల మీదికి వంచాలి. ముక్కూ మొహం తెలియనివాళ్లతో వీడియోలో మాట్లాడుకునే సైటు అది. పేరు చెప్పకండి, ఊరు చెప్పకండి, ఇల్లు చూపించకండి అని తెరవగానే హెచ్చరిస్తుంది. లోకమంతా అది చదవకుండానే సరే అని నొక్కేస్తుంది. ఈవిడ మాత్రం పొల్లు పోకుండా పాటిస్తుంది.

లాండ్రీ యజమానురాలికి ఇదంతా వింతగా ఉంటుంది. ఈ వయసులో ఈ పిచ్చేమిటని ఓసారి అడిగింది. ఎవరో గట్టివాళ్లే దొరికినట్టున్నారని ఇంకోసారి మేలమాడింది. టైలరమ్మ రెండుసార్లూ నవ్వి ఊరుకుంది.

నవ్వడం తేలికే. ఆ మనిషిని పట్టుకోవడమే గగనం. ఏ విషయం మాట్లాడతారని సైటు అడుగుతుంది. ఆమె “ఊడిన గుండీలు” అని కొడుతుంది. అవతలి మనిషి కొట్టేదీ అదే. ఆ ముచ్చట్ల కోసం ఉబలాటపడేవాళ్లు ఎంతమంది ఉంటారు? అందుకని సైటు చేతికందినవాళ్లనల్లా తెచ్చి ముందు పడేస్తుంది. చొక్కా లేని కుర్రాడు. ఏ ఊరు, పెళ్లయిందా అంటూ ఆరా తీసే పెద్దమనిషి. ఎవరిదో సీలింగు ఫ్యాను. ఒక్కొక్కరినీ దాటించుకుంటూ పోవడమే. చీదరించుకునే ఓపిక కూడా ఆమెకు ఎప్పుడో పోయింది.

సొంత ఫోన్లో మాట్లాడుకుంటే ఈ తిప్పలుండవు. కానీ సాయంత్రం ఇల్లు చేరగానే ఆ ఫోన్ అతని చేతిలోకి పోతుంది. ఎవరు పిలిచారు, ఎవరితో ఎంతసేపు మాట్లాడింది, అన్నీ తిరగేస్తాడు. ఈ సంగతి అతని చెవిన పడిందంటే ఆమె ఒక్కర్తికే కాదు, అవతలి మనిషికీ మూడినట్టే.

ఇవాళ చాలాసేపటికి గానీ ఆ గోడ రాలేదు. సున్నం వేసిన ఉత్త గోడ. దాని ముందు బల్లమీద రెండు చేతులు. మొహం లేదు. టైలరమ్మ హమ్మయ్య అనుకుంది.

“భోంచేశారా?”

“అయిందండీ. మీరు?”

మీరు అన్న మన్నన ఇద్దరూ తప్పనివ్వరు. మోకాళ్ల నొప్పులు, నిద్ర పట్టకపోవడం, మరకలు పోని చొక్కాలు, ఇవే వాళ్ల కబుర్లు. మాటల మధ్య అవతలి కుడిచెయ్యి టీ కప్పు అందుకుంది. మొదట్లో ఆ చెయ్యి వాచిపోయి, చూపుడువేలు వంగేది కాదు. ఇవాళ ఆ వేలు కప్పు చెవిని చక్కగా చుట్టుకుంది. టైలరమ్మకు ప్రాణం లేచొచ్చింది.

అంతలో అవతల ఎక్కడో మైకు మోగింది. ఏదో రైలు ప్రకటన. స్టేషన్ పేరు వినిపించేలోపే ఆమె తన స్పీకర్ కట్టేసింది. ఆ చేతులు లేచి వెళ్లి కిటికీ మూసి వచ్చాకే మళ్లీ పెట్టింది. కిటికీ మూసి కూర్చోవాలని ఎన్నిసార్లు చెప్పాలని కసురుకుంది కూడా.

“నాకు విసుగొచ్చేసిందండీ,” అంది అవతలి గొంతు. “ఎన్నాళ్లు ఇలా గోడలు చూసుకుంటాం? ఊరి పేరు చెప్పేస్తాను, బస్సెక్కి వచ్చెయ్యండి.”

విసుగు టైలరమ్మకు మాత్రం లేదా? చేతిసంచిలో రెండు జతల బట్టలు కుక్కుకుని ఈ క్షణమే బయల్దేరాలని ఉంది. ఆ చేతులు పట్టుకుని కాసేపు ఏడవాలని ఉంది. చెప్పు అన్న మాట నోటిదాకా వచ్చింది కూడా. దాన్ని మింగేసింది. అబద్ధమాడటం ఆమెకు పుట్టుకతోనే చేతకాదు. మనసులో ఏదైనా దాచుకుంటే మొహమే చాటింపు వేస్తుంది.

“ఊరు మాత్రం చెప్పొద్దు,” అంది. “చెబితే రేపట్నుంచి నేనిటు రాను.”

ఆ చేతులు టీ కప్పును పక్కకు జరిపాయి. తర్వాత ఒకటి మెల్లగా వచ్చి కెమెరాను మూసింది. తెర చీకటైపోయింది.

టైలరమ్మ దుప్పటి విప్పి మడత పెట్టింది. టేపు మళ్లీ మెడలో వేసుకుంది. ఏమంటున్నారు మీ స్నేహితులని యజమానురాలు అడిగితే, ఏదో చెప్పబోయారు, నేనే చెప్పనివ్వలేదని జవాబిచ్చింది. ఆ తర్వాత కుట్టిన గుండీలన్నీ వంకరగా పడ్డాయి.

ఇల్లు చేరేసరికి అతను వరండాలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. అడగకముందే ఫోన్ తీసి ఇచ్చింది. లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చింది. అతను తీరిగ్గా మొత్తం తిరగేశాడు. కొత్త నంబరు ఒక్కటీ లేదు, ఫోటో ఒక్కటీ లేదు. ఫోన్ బల్లమీదికి గిరాటేసి, ఆమె మొహంలో మొహం పెట్టి, రోజూ అడిగేదే మళ్లీ అడిగాడు.

ఆమె కళ్లు దించుకోలేదు.

“మీ ఇంట్లోంచి వెళ్లిపోయాక నా కూతురు ఏ ఊళ్లో ఉందో, ఒట్టేసి చెబుతున్నాను, నాకు తెలియదు అల్లుడుగారూ.”