కూలబడ్డ రోజు

"ఇదిగోనమ్మా, ఈ రక్తనాళం ఇక్కడితో ఆగిపోయింది చూడండి," అన్నారు డాక్టరు గారు, యాంజియోగ్రాం తెర మీద వేలు పెట్టి.

"ఆపరేషన్ చేస్తే తెరుచుకోదాండీ?" అంది సంపూర్ణమ్మ.

"ఇది ఇప్పుడు మూసుకున్నది కాదమ్మా. ఏడాది పైనే అయ్యుంటుంది. మీ ఆయనకి అప్పుడే గుండెపోటు వచ్చింది. ఆ వైపు కండ చచ్చిపోయింది, మిగతా నాళాలూ దారాల్లా అయిపోయాయి. ఇక ఆపరేషన్‌కి వీల్లేదు. మందులతో ఎన్నాళ్లు నడిస్తే అన్నాళ్లే. అప్పట్లో ఎప్పుడైనా చెమటలు పట్టి పడిపోయాడా?"

సంపూర్ణమ్మకు ఇద్దరూ కలిసి కూలికెళ్లిన ఓ రోజు గుర్తొచ్చింది. కిందటేడు వేసవిలో, కడియం నర్సరీలో మొక్కలు లారీకెత్తుతూ భర్త ఏసుపాదం ఉన్నపళాన కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట. "పని తప్పించుకోడానికి వేషాలేస్తున్నాడు" అని పదిమందిలో కసిరి లేపింది ఆమే. అతను మారుమాట్లాడకుండా లేచి, పొద్దుగూకేదాకా కుండీలు మోశాడు.

రాజమండ్రి ఆస్పత్రి వార్డులో, తొడలోంచి గొట్టం పంపి పరీక్ష చేశాక కాలు కదపొద్దన్నారని ఏసుపాదం బిగుసుకుపోయి పడుకున్నాడు.

"ఏవన్నారే?"

ఆమె దాచలేకపోయింది. మంచం పట్టె పట్టుకుని ఏడుస్తూ అంతా చెప్పేసింది. "ఆ రోజే ఇక్కడికి తీసుకొస్తే బతికేవోడివయ్యా. నేనే కసిరి లేపాను."

ఏసుపాదం ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"నీదేముందే? బద్ధకమేనని నేనూ అనుకున్నాను. అందుకేగా సిగ్గుపడి లేచాను."