ఎడమ క్రాంకు

చివరి రోజు పొద్దున నా భార్య ఎప్పటిలాగే ఒంటిచక్రం సైకిల్ మీద వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది. ఇంటికొచ్చాక దానితో కాసేపు కుస్తీ పట్టి, గోడకి ఆనించింది. "ఎడమ పెడల్‌ని పట్టుకునే క్రాంకు కిర్రుమంటోంది. ఈసారి ఎక్కి చూడండి," అంది. రేపు చూస్తానన్నాను. మధ్యాహ్నం కుర్చీలో కూర్చునే ఆమె గుండె ఆగిపోయింది.

పదిహేను రోజులకి బావమరిది వచ్చాడు.

"అక్కని మింగిన చక్రం ఇంకా ఎందుకు బావా? పాత ఇనుముకి వేసెయ్."

"మింగింది గుండెజబ్బు. దీన్ని ఆడిపోసుకోకు."

"ఆ వయసులో ఆవిడకి సర్కస్ నేర్పావు. వీధంతా నవ్వింది."

"నేర్పలేదు. బిగించి పెట్టానంతే. నవ్వనీ."

అతను వెళ్లాక చక్రం విప్పాను. రెండు క్రాంకుల బోల్టులూ బిగువుగానే ఉన్నాయి. ఇరుసుకి గ్రీజు ఉంది. స్పోకులు మీటితే అన్నీ ఒకేలా మోగాయి. చేత్తో తిప్పితే ఏ చప్పుడూ లేదు. ఇరవై ఏళ్లు దీన్ని బాగుచేశాను గానీ, పడతానన్న భయంతో ఒక్కసారీ ఎక్కలేదు.

తిరిగి బిగిస్తూ సీటు చూశాను. నాలుగు వేళ్ల మేర పైకి జరిపి ఉంది. అంత ఎత్తులో ఆమె కాళ్లు పెడళ్లకి అందవు. నావి అందుతాయి.

రేపు పొద్దున బావమరిది ఉండే వీధిలోనే ఎక్కుతాను. పడితే నవ్వుకోనీ, లేచి మళ్లీ ఎక్కుతాను.