పంటినొప్పి బీమా

బ్యాంకు ఉచితంగా ఇచ్చే బీమా ఎప్పటికీ అక్కరకు రాదని విజయనగరంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎవరికి ఏం రాబోతోందో బ్యాంకు ముందే లెక్కకట్టేస్తుంది. వచ్చేదానికి నెలనెలా రుసుము తీసుకుంటుంది, రానిదాన్ని ఉచితంగా కలిపేస్తుంది. అందుకే కొత్త ఖాతా తీసుకునేవాళ్లు ముందుగా చూసేది ఉచితాల జాబితానే.

కుసుమకు ముప్పై నాలుగేళ్లు. ఆమె జాబితాలో పాముకాటు ఉచితం, అగ్నిప్రమాదం ఉచితం. భర్త ఈశ్వర్రావు సంబరంగా పైకి చదువుతూ ఒకచోట ఆగిపోయాడు. ముసలితనంలో చేతికర్ర నుంచి కళ్లద్దాల దాకా అయ్యే ప్రతి ఖర్చూ ఉచితం.

"ఇంకా పెద్ద ఖాతా ఏదైనా ఉంటే చూపించమ్మా," అన్నాడు కౌంటర్లో అమ్మాయితో. "దీనికి ఎంతైనా కడతాం."

ఆ అమ్మాయి తల దించుకుంది. "మేడంగారికి ఏ ఖాతాలోనైనా అది ఉచితమేనండి."

కుసుమ ఆ కాగితం లాక్కుని వేలు పెట్టి వెతికింది. "ఇదిగో, పంటినొప్పికి నెలకి నలభై రూపాయలంట! నాకింతవరకు ఒక్క పన్నూ నొప్పెట్టలేదు కదండీ. అంటే అదొచ్చేదాకా నాకేం కాదు."

ఆ ఖాతాకే సంతకం పెట్టింది. తేలికపడ్డ మనసులతో ఇద్దరూ బయటికొచ్చి, ఎదురుగా బండి దగ్గర చెరకురసం చెప్పారు. మొదటి గుక్కకే కుసుమ కుడివైపు పన్ను జివ్వుమంది.

"బాగుందా?" అన్నాడు ఈశ్వర్రావు.

ఆమె రసాన్ని మెల్లగా ఎడమ బుగ్గలోకి మార్చుకుని మింగింది.

"చాలా బాగుందండీ. ఇంకో గ్లాసు చెప్పండి."